ముదురు తీగల తెల్ల వైన్: ఆ పేరుకి విలువ ఉందా, బెంగళూరు ఇంట్లో ఏడాది ఆగుతుందా, మన వంటలతో పొసుగుతుందా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. మీ అన్నయ్య కేప్‌టౌన్ వెళ్ళొస్తూ, ఒక చిన్న కుటుంబం నడిపే వైనరీ నుంచి షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష రకం వైన్ సీసా తెచ్చారు. 2021 పంట. లేబుల్ మీద ‘ఓల్డ్ వైన్’ (old vine, అంటే ముదురు తీగ; పాత వైన్ అని కాదు) అని ఉంది, పక్కనే చిన్న ముద్రలో 1978 అని ఉంది. వైట్‌ఫీల్డ్‌లో మీ ఫ్లాట్‌లో వంటింటి అటక మీద పెట్టారు. ఈ మధ్య దించి చూస్తే అడుగున పంచదార పలుకుల్లాంటివి కనబడ్డాయి. వచ్చే ఏడాది మీ పాతికేళ్ళ పెళ్ళిరోజుకి విజయవాడ నుంచి బంధువులు వస్తారు, అప్పుడు తెరవాలని ఉంది. ఆ పేరు ఉత్త ప్రచారమా, పలుకులు చెడిపోయిన గుర్తా, ఏడాది ఆగుతుందా, మన భోజనంతో ఎలా ఉంటుంది, ఇలాంటిది మన దేశంలో దొరుకుతుందా అని అడిగారు.

బెంగళూరులో హోటళ్ళకి, రెస్టారెంట్లకి వైన్లు రుచి చూసి ఎంపిక చేయడం నా వృత్తి. మాది నెల్లూరు, కాబట్టి భోజనం సంగతి కూడా కాస్త గట్టిగానే మాట్లాడగలను.

సూటిగా జవాబు: మీ సీసా మీద ఉన్న మాట నమ్మదగ్గది, ఎందుకంటే దాని పక్కన తోట నాటిన సంవత్సరం ఉంది. పలుకులు ప్రమాదం కాదు. ఏడాది ఆగుతుంది, కానీ అటక మీద ఆగదు. ఇవాళే దించి ఫ్రిజ్‌లో అడ్డంగా పడుకోబెట్టండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదవండి.

ఒక విషయం తేల్చుకుందాం. 1978 అన్నది తీగ నాటిన ఏడాది. వైన్ వయసు 2021 నుంచే. షాపుల్లో ఈ రెండూ కలిపేసి ‘నలభై ఏళ్ళ వైన్ సార్’ అని చెప్పేవాళ్ళు నాకు తగిలారు, అందుకే చెప్తున్నాను.

ఇక ఆ పేరు సంగతి. చాలా దేశాల్లో దీనికి చట్టం లేదు. ఫ్రాన్స్‌లో ‘వియ్ విన్య్’ అని, జర్మనీలో ‘ఆల్టె రేబెన్’ అని లేబుల్ మీద వేసుకోవడానికి ఇన్నేళ్ళు నిండాలన్న నియమం ఏమీ లేదు. పాతికేళ్ళ తోటకీ వేస్తారు, ఎనభై ఏళ్ళ తోటకీ వేస్తారు. ఆస్ట్రేలియాలో బరోసా లోయ వాళ్ళు 2009లో తమకు తాము ఒక కట్టడి పెట్టుకున్నారు: 35 ఏళ్ళు దాటితే ఒక పేరు, 70 దాటితే ఇంకొకటి, 100కి, 125కి వేరే పేర్లు. అంతర్జాతీయ వైన్ సంస్థ ఓఐవీ 2024లో 35 ఏళ్ళనే ప్రమాణంగా తీసుకుంది. అది సిఫారసు మాత్రమే, ఏ దేశమూ పాటించి తీరాలని లేదు.

దక్షిణాఫ్రికా ఈ విషయంలో అందరికంటే ముందుంది. ఆ ఘనత ఎక్కువగా రోసా క్రూగర్ అనే ఒకావిడది. 2002 ప్రాంతంలో ఆమె కేప్‌టౌన్ ఉన్న కేప్ ప్రాంతపు పల్లెలన్నీ తిరిగి, ఎక్కడెక్కడ ముదురు తోటలు మిగిలాయో రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ పనే 2016లో ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ అనే సంస్థగా నిలబడింది. 2018 నుంచి 35 ఏళ్ళు దాటిన తోటల వైన్లకి నాటిన సంవత్సరంతో సహా ముద్ర ఇస్తున్నారు. మీ సీసా మీద 1978 అన్నది అదే. అక్కడ తోటల రిజిస్టర్లు ఉంటాయి, ఏ తోట ఎప్పుడు వేశారో అందులో చూసుకోవచ్చు. నోటిమాట కాదు. ఎవరైనా నన్ను ఇలాంటి సీసా కొనాలా అని అడిగితే నేను మొదట వెతికేది ఈ మూడే: తోట ఎక్కడ, ఎప్పుడు నాటారు, పండించినవాళ్ళూ వైన్ చేసినవాళ్ళూ ఒకరేనా. ఈ మూడూ లేకుండా ఉత్త ‘ఓల్డ్’ అని ఉంటే దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను.

మూడోది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

ద్రాక్ష తీగ మూడో నాలుగో ఏడు కాపుకొస్తుంది. పాతికేళ్ళు దాటాక దిగుబడి తగ్గుతూ వస్తుంది. హెక్టారుకి, అంటే రెండున్నర ఎకరాలకి, 10 టన్నులు ఇచ్చిన తోట ముదిరాక 3, 4 టన్నులకి పడిపోవడం మామూలే. ఒక సీసాకి కిలోకి కాస్త పైన ద్రాక్ష పడుతుంది. 3 టన్నులంటే రెండున్నర వేల సీసాలు, అంతే. ఇప్పుడు రైతు వైపు నుంచి చూడండి. ద్రాక్షని తూకానికి అమ్ముకునేవాడు ఆ తోట ఎందుకు ఉంచుకుంటాడు? పీకేసి కొత్తది వేస్తాడు, లేదా వేరే పంటకి పోతాడు. కేప్‌లో ఇరవయ్యో శతాబ్దం చాలా మటుకు ఇలాగే గడిచింది. షెనిన్ బ్లాంక్‌ని అక్కడ స్టీన్ అనేవాళ్ళు. దేశంలో అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో ఉన్న రకం ఇప్పటికీ అదే. కానీ అందులో పెద్ద భాగం సహకార సంఘాలకి తూకం లెక్కన వెళ్ళేది, చవక వైన్‌కో బ్రాందీ బట్టీకో పోయేది. నలభై ఏళ్ళ తోట పండైనా, అయిదేళ్ళ తోట పండైనా ఒకే తొట్టిలో పడేది. 1994 తర్వాత ఎగుమతుల దారి తెరుచుకున్నాక ఎర్ర వైన్ రకాల మీద మోజు పెరిగి, ఎన్నో తెల్ల ద్రాక్ష తోటలు నేలమట్టమయ్యాయి.

అందులోంచి మిగిలినవి ఎలా మిగిలాయి? కొన్ని చోట్ల పీకి మళ్ళీ నాటడానికి డబ్బుల్లేక. కొన్ని చోట్ల తాత వేసిన తోట అన్న మమకారంతో. తర్వాత ఆ కుటుంబంలోని పిల్లలు ద్రాక్ష అమ్మడం మాని, వైన్ తామే చేసి సీసాకి తమ పేరు పెట్టుకున్నప్పుడు లెక్క తిరగబడింది. తక్కువ కాపుకి ఎక్కువ ధర వచ్చింది. ఎబెన్ సాడీ లాంటి వైన్ తయారీదారులు ఒక్కొక్క ముదురు తోటకి ఒక్కొక్క సీసా వేరుగా చేసి ప్రపంచానికి చూపించారు. కేప్‌లోనే స్టెలెన్‌బాష్ అనే చోట 1905లో నాటిన షెనిన్ తోట వైన్ అలా బయటికొచ్చిందే. చిన్న కుటుంబ వైనరీ లేకపోతే ఈ తోటలు లేవు. అందుకే మీ అన్నయ్య తెచ్చిన సీసా మీద నాకింత గౌరవం.

కేప్‌లో స్వార్ట్‌లాండ్ అనే ప్రాంతంలో అలాంటి ఒక తోటలో నడిచాను. మన పందిళ్ళు చూసిన కంటికి అది ద్రాక్షతోటలా అనిపించదు. పందిరి లేదు, తీగెలు పాకించడానికి కంచె లేదు, డ్రిప్ పైపులు లేవు. మోకాలెత్తు మోడులు, ఒక్కోటీ తొడంత లావు, ఎవరి దిక్కు వాళ్ళది అన్నట్టు వంకరపోయి ఉన్నాయి. ఒక మోడు నిలువునా రెండుగా చీలి ఉంది. ఒక చెక్క ఎండిపోయి వేలితో నొక్కితే పొడి రాలింది. రెండో చెక్క మీంచి మాత్రం పచ్చటి రెమ్మ ఒకటి వచ్చి, చిన్న చిన్న గుత్తులు నాలుగు వేలాడుతున్నాయి. పండు మన అంగట్లో దొరికే ద్రాక్షలో సగం కూడా లేదు. వరసలో అక్కడక్కడా ఖాళీలు. చచ్చిన మొక్క చోట పక్క తీగ కొమ్మనే వంచి మట్టిలో పాతిపెట్టి కొత్త మొక్క తెప్పిస్తున్నారు. కాళ్ళ కింద బరకగా పొడైన గ్రానైట్. బెంగళూరు దగ్గరి మన నందికొండ కూడా గ్రానైటే కాబట్టి ఆ ఇసుక రంగు నాకు కొత్తగా అనిపించలేదు.

అయితే ఆ వయసు వైన్‌లోకి ఎలా వస్తుంది? ఇందులో తెలిసినదీ ఉంది, అతిగా చెప్పేదీ ఉంది. ముదురు తీగ వేళ్ళు లోతుకి పోతాయి, వాన తక్కువైన ఏడు లేత తీగ వాడిపోతే ఇది తట్టుకుంటుంది. లావు మోడులో పిండిపదార్థం నిలవ ఉంటుంది, వసంతంలో చిగురు వేయడానికి అది పనికొస్తుంది. కాపు తక్కువ కాబట్టి ఉన్న గుత్తులు నిదానంగా, సమంగా పండుతాయి. పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ. ఇదంతా నిజమే. కానీ వయసు ఒక్కటే గొప్పతనం కాదు. ఆకుముడత తెగులు పట్టిన ముదురు తోట పండదు, పులుపూ నీళ్ళే మిగులుతాయి. నాసి నేలలో వేసిన తోట యాభై ఏళ్ళయినా నాసే. పైగా మంచి చోట ఉన్న తోటనే రైతు నిలుపుకుంటాడు, చెడ్డది ఎప్పుడో పీకేస్తాడు. కాబట్టి ఇవాళ మనకి కనబడే ముదురు తోటలన్నీ ముందే వడపోసినవి. వైన్ బాగుందంటే అందులో వయసు వాటా ఎంత, స్థలం వాటా ఎంత అని విడదీయడం కష్టం.

నాకు దగ్గరి జవాబు ఒక బల్ల దగ్గర దొరికింది. ఒకే కుటుంబం, ఒకే ఏడాది, ఒకే రకం ద్రాక్ష. లేత తోటది ఒక గ్లాసు, ముదురు తోటది ఒక గ్లాసు. ఏది ఏదో చెప్పకుండా పోశారు. ముక్కు దగ్గర పెట్టుకుంటే లేతదే గెలిచింది: జామపండు, నిమ్మపూత, కొత్తగా కోసిన బేరిపండు వాసన గుప్పుమంది. ముదురుది మొదట మాట్లాడనే లేదు. నోట్లోకి వెళ్ళాక తేడా తెలిసింది. లేతది మింగగానే అయిపోయింది. ముదురుది నాలుక నడిమధ్యన నిండుగా, కాస్త మైనంలా కూర్చుంది. మింగాక కూడా ఉప్పదనం లాంటిదొకటి చాలాసేపు నిలిచింది. అందుకే నేను అందరికీ చెప్పేది: ముదురు తీగల వైన్‌లో వాసన కోసం వెతక్కండి, నిండుదనం కోసం, మింగిన తర్వాత నిలిచేదాని కోసం చూడండి. మొదటి గుక్కకే ‘అబ్బా’ అనిపించాలనుకుంటే దీనికంటే చవకలో మంచివి దొరుకుతాయి.

ఇక మీ పలుకులు. అవి పొటాషియం బైటార్ట్రేట్. ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం, పొటాషియంతో కలిసి గట్టిపడినది. ఇదే ఆమ్లం మన చింతపండులో దండిగా ఉంటుంది. పెద్ద కంపెనీలు వైన్‌ని సున్నా డిగ్రీల కిందికి కొన్నాళ్ళు చల్లబరిచి ఈ పలుకులని ముందే వేరు చేసేస్తాయి, కొనేవాళ్ళు గాజుముక్కలని భయపడకుండా. చిన్నవాళ్ళు చాలామంది ఆ పని చేయరు. కొందరికి ఆ యంత్రాలు లేవు, కొందరికి వైన్‌ని అంత కష్టపెట్టడం ఇష్టం లేదు. ఫ్రిజ్‌లో పెట్టాక ఇంకొన్ని పలుకులు పేరుకోవచ్చు, కంగారు పడకండి. పోసే ముందు రోజు సీసాని నిలబెట్టండి, అవి అడుక్కి చేరతాయి. చివరి అరగ్లాసు మిగిల్చి పోయండి. ఒకవేళ గ్లాసులోకి వచ్చినా పంటి కింద కరకరలాడడం తప్ప ఏమీ కాదు.

నిజంగా భయపడాల్సింది వేడికి. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే బెంగళూరులో మంచి వైన్లు చావడానికి కారణం ఇదొక్కటే. మన ఊరు చల్లన అని అందరికీ ఒక నమ్మకం. ఏప్రిల్‌లో పగలు 35 దాటుతోంది. ఫ్లాట్‌లో వంటింటి అటక అంటే దానికి తోడు కింద పొయ్యి, పైన ఎండ పట్టిన శ్లాబు. వేడికి వైన్ ఉబ్బి బిరడాని పైకి నెడుతుంది, రాత్రి చల్లబడ్డప్పుడు లోపలికి గాలి పీలుస్తుంది. ఇలా కొన్ని నెలలు సాగితే చాలు. ఒకసారి ఒక పెద్ద షాపులో కిటికీ పక్క వరసలో నిలబెట్టిన ఖరీదైన తెల్ల వైన్ తీసుకొచ్చి తెరిస్తే, బిరడా మూతి కంటే పైకి లేచి ఉంది, రంగు తేనెలా ముదిరింది, వాసన కోసి వదిలేసిన యాపిల్‌లా ఉంది. ఆ సీసాని చేసినవాళ్ళు నలభై ఏళ్ళు తోటని కాపాడుకున్నారు, ఇక్కడ ఒక్క వేసవి చాలింది.

కాబట్టి దించగానే ముందు బిరడా చూడండి. రేకు తొడుగు కింద ఉబ్బెత్తుగా తగిలినా, అంచున జిగురు మరక ఉన్నా ఏడాది ఆగకండి, ఈ వారమే తెరిచేయండి. అంతా సమంగా ఉంటే ఫ్రిజ్‌లో కింది అరలో, వెనక్కి, అడ్డంగా. తలుపు అరలో వద్దు, తీసిన ప్రతిసారీ ఊగుతుంది, వేడి తగులుతుంది. మామూలు ఫ్రిజ్ వైన్ కోసం చేసింది కాదు, లోపల పొడిగా ఉంటుంది, ఏళ్ళ తరబడి పెడితే బిరడా ఎండుతుంది. ఒక్క ఏడాదికి ఇబ్బంది లేదు. మీది మరమూత అయితే ఆ చింత కూడా లేదు. 12, 13 డిగ్రీల్లో ఉండే వైన్ ఫ్రిజ్ ఎవరైనా స్నేహితుల ఇంట్లో ఉంటే మొహమాటపడకుండా అక్కడ పెట్టించండి.

ఆగడం వల్ల లాభం ఉందా అంటే, ఉంది. షెనిన్‌కి పులుపు ఎక్కువ. అదే దాన్ని నిలబెడుతుంది. ఫ్రాన్స్‌లో దాని పుట్టినిల్లు లువార్ లోయ, అక్కడ వూవ్రే వైన్లు దశాబ్దాలు నిలుస్తాయి. పైగా 2021 కేప్‌లో చల్లగా, నిదానంగా నడిచిన ఏడాది, తెల్ల వైన్లకి మంచి పేరు తెచ్చింది. సరిగ్గా దాచితే మీ సీసా వచ్చే ఏడాదికి ఇంకాస్త తేనె, ఎండు ఆప్రికాట్ వైపు వెళ్తుంది. నష్టమేమీ లేదు.

తెరిచే రోజు: ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంట బయట ఉంచండి. మనవాళ్ళ అలవాటు తెల్ల వైన్ అంటే ఐస్‌లా ఉండాలని. నాలుగైదు డిగ్రీల దగ్గర ఈ వైన్ నోరు విప్పదు, పులుపు తప్ప ఏమీ తెలియదు. 11, 12 దగ్గర నేను చెప్పిన ఆ నిండుదనం వస్తుంది. చిన్న గ్లాసులు వద్దు, ఎర్ర వైన్‌కి వాడే వెడల్పు గ్లాసులు తీయండి, మూడో వంతు మాత్రమే పోయండి. మిగిలితే బిరడా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, మూడు రోజులు నిక్షేపంగా ఉంటుంది. ఇలాంటివి రెండో రోజు ఇంకా బాగుండడం నాకు తరచూ ఎదురైంది. ఇంకొక మాట, బంధువుల్లో అలవాటు లేనివాళ్ళకి మొహమాటపెట్టి పోయకండి. ఉన్నది ఒక్క సీసా, ఇష్టంగా తాగేవాళ్ళకే సరిపోదు.

భోజనం సంగతి. మీరు రాసిన పట్టికలో గోంగూర మాంసం, రొయ్యల ఇగురు, చేపల పులుసు, ముద్దపప్పు ఆవకాయ ఉన్నాయి. నా సలహా కొంచెం కఠినంగా అనిపించొచ్చు: ఈ వైన్‌ని అన్నంలోకి పెట్టకండి, అన్నానికి ముందు పెట్టండి. కారణాలు రెండు. ఒకటి కారం. మిరప మంటని ఆల్కహాల్ రెచ్చగొడుతుంది. కేప్ షెనిన్ సాధారణంగా 13 శాతం అటూ ఇటూ ఉంటుంది, మన గుంటూరు కారం మీద పడితే మంటే మిగులుతుంది, వైన్ తెలియదు. రెండోది పులుపు. కూర పులుపు వైన్ పులుపుని మించితే వైన్ చప్పగా, నీళ్ళలా అనిపిస్తుంది. మా నెల్లూరు చేపల పులుసు, అందులో మామిడికాయ కూడా పడిందంటే, దాని ముందు ఏ తెల్ల వైనూ నిలవదు. రెండిటినీ ఇష్టపడే మనిషిగా చెప్తున్నాను, వాటిని విడివిడిగా ఆనందించండి. ఆవకాయ అయితే అసలు దగ్గరికే రానివ్వకండి. ఆవఘాటు, పచ్చి నూనె, ఉప్పు కలిసి వచ్చాక నాలుక మీద ఇంకేదీ నిలవదు.

మరి దేనితో? రొయ్యలు ఉన్నాయిగా. ఇగురు కాకుండా వేపుడు చేయించండి: నేతిలో, మిరియం, కరివేపాకు, చివర్లో రెండు చుక్కల నిమ్మరసం, ఎండుకారం పేరుకి మాత్రం. నెయ్యి జిడ్డుని వైన్ పులుపు కోస్తుంది, రొయ్య తీపికి వైన్‌లోని ఉప్పదనం తోడవుతుంది. కొబ్బరిపాలు పోసి తేలిగ్గా చేసిన కోడికూర, పీతల వేపుడు కూడా బాగుంటాయి. శాకాహారులకి చాలామంది ఊహించని జోడీ ఒకటుంది: పెసరట్టు, అల్లం తగ్గించి. పెసర కమ్మదనానికీ షెనిన్‌కీ ఎందుకో బాగా కుదురుతుంది, నేను వైన్ రుచి చూపించే సాయంత్రాల్లో దీన్ని తరచూ పెడతాను, ప్లేట్లు ఖాళీగా తిరిగొస్తాయి. వేయించిన జీడిపప్పు, పనీర్ మీద మిరియాల పొడి, ఇవి కష్టం లేనివి. వైన్ అయిపోయాక అందరినీ విస్తరి దగ్గర కూర్చోబెట్టి గోంగూర మాంసం వడ్డించండి.

మన దేశంలో ఇలాంటివి దొరుకుతాయా అన్నది చివరి ప్రశ్న. ముదురు తీగలు అన్న అర్థంలో అయితే కష్టం. అందుకు వాతావరణమే కారణం. చలి దేశాల్లో తీగ శీతాకాలం నిద్రపోతుంది. మన దగ్గర నిద్ర లేదు. మీరు వారాంతంలో చిక్కబళ్ళాపుర, దొడ్డబళ్ళాపుర వైపు వెళ్తే చూసే ఉంటారు, రాతి స్తంభాల మీద పందిళ్ళు. అక్కడి రైతుని అడగండి, ఏప్రిల్‌లో ఒక కటింగ్, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకో కటింగ్ అంటాడు. మొదటిది కొమ్మ తయారవడానికి, రెండోది పంటకి. ఏడాది పొడవునా పనిచేసే తీగ తొందరగా అలిసిపోతుంది. రెండు దశాబ్దాలు వచ్చేసరికి కాపు తగ్గి, రైతు దాన్ని తీసేసి డాగ్రిడ్జ్ వేరు మీద కొత్త అంటు కడతాడు. మన వైన్ తోటల చరిత్ర కూడా చిన్నదే. నందికొండ పాదం దగ్గర గ్రోవర్ కుటుంబం ఫ్రెంచి రకాలు నాటింది 1980ల చివర్లో. నాసిక్‌లో సులా కంపెనీ మొదటి వైన్లు వచ్చింది 2000లో.

కానీ చిన్న కుటుంబం, సొంత తోట, సొంత చేతులు అన్న అర్థంలో అయితే ఉన్నాయి. హంపీ దగ్గర కృష్ణ ప్రసాద్ చిగురుపాటి, ఉమ చిగురుపాటి దంపతులు నాటి నిలబెట్టిన కృష్మా ఎస్టేట్స్ ఉంది, మన తెలుగువాళ్ళే. వాళ్ళ సావిన్యాన్ బ్లాంక్‌ని మీ కేప్ సీసా పక్కన పెట్టి చూడండి. నాసిక్ వైపు వలోనే లాంటి చిన్న వైనరీలు ఉన్నాయి. మన షెనిన్‌లలో చాలావాటికి కాస్త తీపి ఉంచుతారు, అది తప్పు కాదు, కారం ఉన్న భోజనానికి అదే మేలు. మీ పెళ్ళిరోజు అన్నంలోకి ఏదైనా కావాలంటే చల్లటి సులా షెనిన్ బ్లాంక్ పెట్టుకోండి, కేప్ సీసా కంటే అక్కడ అదే బాగా పనిచేస్తుంది.

బెంగళూరు షాపుల్లో దిగుమతి సరుకు కొనాలనుకుంటే ధరకి సిద్ధపడండి. వైన్ మీద కస్టమ్స్ సుంకం చాలాకాలంగా 150 శాతం, ఆస్ట్రేలియా వైన్లకి 2022 చివరి నుంచి కొంత తగ్గింది. దానికి రాష్ట్ర ఎక్సైజ్ తోడవుతుంది. అక్కడ వెయ్యి రూపాయల సీసా ఇక్కడ రెండు మూడు రెట్లు దాటడం మామూలే. విమానంలో ఒక్కొక్కరు 2 లీటర్లు సుంకం లేకుండా తేవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. మూడోది పెడితే లెక్క దాటుతుంది. మీ అన్నయ్య మళ్ళీ వెళ్తే రెండూ అదే కుటుంబం నుంచి తెమ్మనండి: ఒకటి లేత తోటది, ఒకటి ముదురు తోటది. పక్కపక్కన పోసి చూస్తే నేను ఇంతసేపు రాసింది ఒక్క గుక్కలో తెలుస్తుంది. కేప్ కాకుండా వేరే చోటికి వెళ్తే, స్పెయిన్‌లో రియాస్ బైషాస్ ప్రాంతం నుంచి ఆల్బరీన్యో అనే తెల్ల వైన్ అడగమనండి. అక్కడా గ్రానైట్ స్తంభాల పందిళ్ళే, కొన్ని తీగలకి వందేళ్ళు దాటాయి. గ్రీసులో సాంతోరీని ద్వీపం నుంచి వచ్చే అసిర్తికో అనే తెల్ల వైన్ కూడా అంతే విలువైనది. తీగ వేళ్ళని పట్టి యూరప్ తోటల్ని పందొమ్మిదో శతాబ్దంలో తుడిచిపెట్టిన ఫిల్లోక్సెరా పురుగు ఆ అగ్నిపర్వతపు బూడిద నేలలో బతకలేదు, అందుకే అక్కడి తీగలు ఇప్పటికీ అంటు లేకుండా సొంత వేళ్ళ మీదే ఉన్నాయి.

సీసా దించాక మూత బిరడానా మరమూతా, వెనక లేబుల్ మీద తోట పేరు గానీ ప్రాంతం పేరు గానీ ఏముందో రాయండి. స్వార్ట్‌లాండ్ అయితే పోసే ముందు ఒక జగ్గులోకి వంచి కాసేపు గాలి తగలనివ్వమంటాను. స్టెలెన్‌బాష్ అయి, ఓక్ పీపాలో పెట్టినదైతే వంట విషయంలో ఒకటి రెండు మార్పులు చెప్తాను.